ప్లేగుకు ఎదురు నిలిచిన హాఫ్‌కిన్

పెద్ద జబ్బు చేస్తే భివండి నుంచి మనం పరుగెత్తేది పరేల్‌కే. టాటా ఆసుపత్రికో, కేఈఎంకో వెళ్లినవాళ్లు ఆ దారిలో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అన్న బోర్డు చూసే ఉంటారు. పాము కాటుకు, కుక్క కాటుకు మందులు తయారైన చోటు అని పెద్దవాళ్లకు తెలుసు. ఆ హాఫ్‌కిన్ ఎవరని పిల్లలు అడిగితే మాత్రం ఎవరో ఇంగ్లీషు దొర అని చెప్పి ఊరుకుంటాం.

ఆయన ఇంగ్లీషువారు కాదు. దొర అంతకన్నా కాదు. పుట్టిన దేశంలో చదువుకు తగ్గ ఉద్యోగం దొరకక, మూడు దేశాలు దాటి మన దగ్గరికి వచ్చిన యూదుడు. మనుషులకు వేసే ప్లేగు టీకాను మొదట తయారుచేసింది ఆయనే. ఆ పని జరిగింది ముంబయిలో, మన కామాఠీపురాకు కూతవేటు దూరంలో. అదే ప్లేగు ఇవాళ అమెరికా మైదానాల్లో ఒక అడవి జంతువును అంతం అంచుకు నెట్టింది. దాన్ని కాపాడాలని అక్కడివాళ్లు ఆ జంతువును పట్టి, టీకా వేసి, మళ్లీ వదులుతున్నారు. హాఫ్‌కిన్ కథ చెప్పుకుంటే ఆ సంగతీ అందులోనే వస్తుంది.

వాల్డెమార్ హాఫ్‌కిన్ 1860 మార్చి 15న నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఒడెస్సాలో పుట్టారు. అప్పట్లో అది రష్యా చక్రవర్తి పాలనలో ఉండేది. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో మెచ్నికోవ్ అనే గొప్ప జీవశాస్త్రవేత్త దగ్గర చదివారు. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవులను రక్తంలోని కణాలు ఎలా మింగేస్తాయో లోకానికి చూపినవాడు ఆ మెచ్నికోవే. యూదుల ఇళ్ల మీద దాడులు జరిగినప్పుడు వాళ్లకు కాపలాగా నిలిచిన కుర్రాళ్లలో హాఫ్‌కిన్ ఒకరు. దెబ్బలు తిన్నారు, జైలుకూ వెళ్లారు. చదువు పూర్తయ్యాక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావాలంటే మతం మారాలన్నారు. ఆయన మారలేదు, ఉద్యోగమూ రాలేదు.

1888లో దేశం విడిచి స్విట్జర్లాండ్‌లోని జెనీవా చేరారు. అక్కడి నుంచి పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. అక్కడ ఖాళీగా ఉన్న కొలువు ఒక్కటే, గ్రంథాలయంలో సహాయకుడి పని. అదే చేరారు. పగలు పుస్తకాలు సర్దుతూ, మిగిలిన వేళల్లో ప్రయోగశాలలో కూర్చునేవారు. పాశ్చర్ అప్పటికే కోళ్లకు వచ్చే కలరా మీద, గొర్రెలకు వచ్చే ఆంత్రాక్స్ మీద టీకాలు చేసి చూపించారు. మశూచి టీకా కూడా ఆవుకు వచ్చే జబ్బు నుంచి పుట్టిందే. టీకా విద్య ఆదినుంచీ మనిషికీ పశువుకూ మధ్యే నడిచింది. దీన్ని వింతగా చెప్పే పుస్తకాలు చూస్తే నాకు కాస్త ఆశ్చర్యం వేస్తుంది.

హాఫ్‌కిన్ మనుషుల కలరా మీద పనిచేశారు. ముందు గినీపందుల మీద, కుందేళ్ల మీద, పావురాల మీద పరీక్షించారు. తరువాత 1892 జులై 18న తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ మందు నిజంగా పనిచేస్తుందా లేదా తేలాలంటే కలరా ఉన్న దేశానికి వెళ్లాలి. మన దేశంలో వైస్రాయిగా పనిచేసి, అప్పుడు పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న డఫరిన్ అందుకు సాయపడ్డారు. 1893లో హాఫ్‌కిన్ కలకత్తాలో దిగారు.

టీకా అంటే అప్పటి జనానికి భయం. అది వేసేవాడు ప్రభుత్వం మనిషి అంటే ఇంకా భయం. హాఫ్‌కిన్ తనతో భారతీయ వైద్యులను వెంటబెట్టుకుని వెళ్లి, వాళ్లూ తానూ జనం ముందే సూది వేయించుకునేవారు. 1894లో కలకత్తా కట్టల్ బగాన్ బస్తీలో కలరా వచ్చింది. సుమారు 200 మంది ఉన్న ఆ బస్తీలో 116 మంది టీకాకు ఒప్పుకున్నారు. ఆ తరువాత అక్కడ జబ్బు పడినవాళ్లు టీకా వేయించుకోనివారే. రెండున్నర ఏళ్లు అలా ఊరూరా తిరిగి సుమారు 42,000 మందికి టీకాలు వేశారు. మలేరియా తెచ్చుకుని, కోలుకోవడానికి యూరప్ వెళ్లి, మళ్లీ వచ్చారు.

అప్పుడు వచ్చింది ప్లేగు. 1896 సెప్టెంబరులో ముంబయి మాండ్వీ పేటలో బయటపడింది. హాంకాంగ్ నుంచి ఓడల్లో వచ్చిందంటారు. కొద్ది నెలల్లో ఊరు దాదాపు సగం ఖాళీ అయింది. మిల్లులు నిలిచిపోయాయి. 1994లో సూరత్‌లో ప్లేగు అన్న వార్త రాగానే రైల్వే స్టేషన్ ఎలా కిటకిటలాడిందో గుర్తున్నవాళ్లు మనలో ఉన్నారు. అక్కడా మన మగ్గం పనివాళ్లే కదా. అప్పటి ముంబయి దానికి ఎన్నో రెట్లు.

ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను ముంబయి పంపింది. బైకుల్లాలోని గ్రాంట్ మెడికల్ కాలేజీలో చిన్న చోటు ఇచ్చారు. సిబ్బంది ఒక గుమస్తా, ముగ్గురు బంట్రోతులు. కామాఠీపురా అక్కడికి దగ్గరే. తెలుగు నేల నుంచి వెళ్లి ముంబయి మేడలకు రాళ్లెత్తిన కామాఠీల వల్లే ఆ పేటకు ఆ పేరు.

ఆయన టీకా ఎలా తయారుచేశారో పిల్లలకు చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది వంటింటి భాషలోనే అర్థమవుతుంది. గొడ్డు మాంసమైతే హిందువులకు పనికిరాదు, పంది మాంసమైతే ముస్లింలకు పనికిరాదు. అందుకని మేక మాంసంతో చారు కాచారు. దాన్ని గాజు బుడ్డిలో పోసి, పైన నెయ్యి చుక్కలు వదిలి, ప్లేగు సూక్ష్మజీవిని అందులో వేశారు. అది నెయ్యి చుక్కను పట్టుకుని కిందికి పెరుగుతుంది. బీము మీంచి పడుగు దారాలు వేలాడినట్టు సన్నని పోగులు చారులోకి దిగుతాయి. బుడ్డిని కదిలిస్తే పోగులు తెగి అడుగుకు చేరతాయి, పైన మళ్లీ కొత్తవి మొలుస్తాయి. కొన్ని వారాలు ఇలా పెంచి, వేడి చేసి సూక్ష్మజీవులను చంపుతారు. చచ్చిన సూక్ష్మజీవి జబ్బు తేలేదు, కానీ దాన్ని చూసిన ఒళ్లు నిజమైన శత్రువు వచ్చినప్పుడు గుర్తుపడుతుంది. అదే ఆ టీకా. మూడు నెలలు తిరగకుండానే కుందేళ్లను కాపాడే మందు చేతికొచ్చింది.

1897 జనవరి 10న హాఫ్‌కిన్ దాన్ని తానే వేయించుకున్నారు. అందరికీ ఇవ్వాలనుకున్న మోతాదుకు మించి, 10 మిల్లీలీటర్లు. జ్వరం, సూది పడ్డ చోట నొప్పి, అంతే. ఆ నెలాఖరుకు బైకుల్లా జైల్లో ప్లేగు పడింది. ఖైదీల్లో ముందుకొచ్చినవారికి వేశారు, రానివారికి వేయలేదు. జబ్బు పడ్డవాళ్లూ చనిపోయినవాళ్లూ టీకా వేయించుకోని గుంపులోనే బాగా ఎక్కువని తేలింది.

ఆ రోజుల్లో ప్లేగు పేరు చెప్పి అధికారులు చేయని పని లేదు. ఇళ్లలో జొరబడి సోదాలు, ఆడవాళ్లను బయటికి లాగి చూడటం, రోగిని ఇంటివాళ్ల నుంచి విడదీసి తీసుకుపోవటం. 1896 అక్టోబరులోనే మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు. 1897 జూన్‌లో పుణెలో ప్లేగు అధికారి ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ఆ వేడిలో కూడా హాఫ్‌కిన్ టీకా బలవంతంగా వేయవద్దనే నిలిచారు. ఖోజాల గురువు ఆగాఖాన్ అప్పటికి ఇరవై ఏళ్లు నిండీ నిండని యువకుడు. ఆయన ప్రయోగశాలకు తన భవనం ఇచ్చారు, తనవాళ్ల ముందు ఒకటికి నాలుగుసార్లు సూది వేయించుకున్నారు. వేల మంది ఖోజాలు ఆయన వెనకే వచ్చారు. నమ్మిన మనిషి చేతి మీద సూది గుర్తు కనిపించాక సర్కారు దండోరాతో పని లేకపోయింది. 2022 చివర్లో ముంబయి, మాలెగావ్‌లతో పాటు మన భివండిలోనూ తట్టు వ్యాపించినప్పుడు, టీకా అంటే వెనకాడే ఇళ్ల తలుపులు ఎవరు తడితే తెరుచుకున్నాయో మన బడి పంతుళ్లకు తెలిసే ఉంటుంది.

హాఫ్‌కిన్ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది బరోడా సంస్థానంలోని ఉంధేరా అనే ఊరి పరీక్ష. 1898 ఫిబ్రవరిలో అక్కడ ప్లేగు ఉంది. ఒక్కో ఇంటివారిని వరుసగా నిలబెట్టి, వీలైనంత వరకు వయసు, ఆరోగ్యం సరిచూసి, ప్రతి ఇంట్లో సగం మందికి టీకా వేశారు, సగం మందికి వేయలేదు. ఒకే కప్పు కింద, ఒకే కుండ నీళ్లు తాగేవాళ్లలో తేడా వస్తే అది టీకా వల్లేనని ఎవరైనా ఒప్పుకోవాలి. కొన్ని వారాలకు లెక్క తీశారు. ప్లేగు పడిన 28 ఇళ్లలో టీకా వేయించుకున్నవారు 71 మంది, వారిలో 8 మందికి జబ్బు వచ్చింది, ముగ్గురు పోయారు. వేయించుకోనివారు 64 మంది, వారిలో 27 మందికి వచ్చింది, 26 మంది పోయారు. ఆ 26 మంది ఎవరి పిల్లలో, ఎవరి తల్లులో. ఇవాళ ఇలాంటి పరీక్షకు ఎన్నో అనుమతులు కావాలి, కావాల్సిందే. అయితే ఆ లెక్క చూశాక ఆ టీకా పనికిరాదని వాదించటం కష్టమైంది. 1899 ఆగస్టు 10న పరేల్‌లోని పాత గవర్నమెంట్ హౌస్‌లో ప్లేగు ప్రయోగశాల తెరిచారు. ఇప్పుడున్న ఇన్‌స్టిట్యూట్ అదే. 1925 నాటికి అక్కడి నుంచి సుమారు 2 కోట్ల 60 లక్షల మోతాదులు బయటికి వెళ్లాయి.

ప్లేగు అసలు మనిషి జబ్బు కాదు. అది ఎలుకలది, ఎలుకల లాంటి బొరియ జంతువులది. వాటి ఒంటి మీద బతికే చిన్న గెంతే పురుగులు, ఫ్లీలంటారు, అవి ఎలుక చచ్చిపోగానే ఇంకో ఒంటిని వెతుక్కుంటాయి. ఆ ఒళ్లు మనది కావచ్చు. 1898లో కరాచీలో సిమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ దారిని కనిపెట్టారు. ఇంట్లో ఎలుకలు రాలితే ఊరు విడవాలని మన పల్లె పెద్దలు అంతకు ముందే గ్రహించారు.

ఇక హాఫ్‌కిన్ జీవితంలో చీకటి. 1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊళ్లో 107 మందికి టీకా వేశారు. ఒకే సీసాలోని మందు తీసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. విచారణ సంఘం తప్పు పరేల్ ప్రయోగశాలదే అంది. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి తప్పించారు. ఆ సీసా తెరిచేటప్పుడు అక్కడి సహాయకుడి చేతిలోని పట్టకారు నేల మీద పడిందని, దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే వాడారని తరువాత తేలింది. సీసా పరేల్‌లో మూత వేసినప్పుడే చెడి ఉంటే మూత తీయగానే దుర్వాసన రావాలి, ధనుర్వాతం సూక్ష్మజీవి గుణం అది. ఆ రోజు అలాంటి వాసనేదీ రాలేదు. నిజం కాగితాల్లో ఉన్నా బయటికి రావటానికి ఏళ్లు పట్టింది. మలేరియా దోమను పట్టుకున్న రొనాల్డ్ రాస్ వంటివారు పత్రికలకు రాశాక, 1907లో ప్రభుత్వం ఆయనపై నింద తొలగించింది. ఆయన కలకత్తా తిరిగి వచ్చారు. కానీ ముంబయి ప్రయోగశాల మళ్లీ ఆయన చేతికి రాలేదు.

ఇక్కడ కాసేపు అమెరికా వెళ్లాలి. ముంబయికి వచ్చిన ప్లేగే 1900లో ఓడలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. ఊరి ఎలుకల నుంచి అడవి ఉడుతలకు, వాటి నుంచి మైదానాల్లోని ప్రెయిరీ డాగ్‌లకు పాకింది. పేరులో కుక్క ఉన్నా ప్రెయిరీ డాగ్ ఉడుత జాతిది. వేల బొరియలతో ఊళ్లకు ఊళ్లు కట్టుకుని ఉంటుంది. వాటినే తిని, వాటి బొరియల్లోనే కాపురం చేసే జంతువు నల్లకాళ్ల ఫెర్రెట్. చూడటానికి మన ముంగిసలా పొడుగ్గా ఉంటుంది. ప్లేగు వస్తే బొరియల ఊరు మొత్తం రాలిపోతుంది. ఫెర్రెట్‌కు తిండీ పోతుంది, జబ్బూ తగులుతుంది.

1979లో ఈ జంతువు అంతరించిందనుకున్నారు. 1981లో వయోమింగ్ రాష్ట్రంలో ఒక రైతు కుక్క చంపి తెచ్చిన జంతువును చూసి, ఇంకా ఉన్నాయని కనుక్కున్నారు. 1985లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ ఆ చివరి గుంపును పట్టింది. 1987 నాటికి మిగిలిన 18 ఫెర్రెట్లను పట్టి బోనుల్లో పెంచి, 1991 నుంచి మళ్లీ మైదానాల్లో వదులుతున్నారు.

టీకా వేస్తే పోయేది కదా అనిపిస్తుంది. 1970ల మొదట్లో అదే చేశారు. బతికున్న డిస్టెంపర్ వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా పెంపుడు ఫెర్రెట్లకు సరిపడింది. దాన్నే పట్టి తెచ్చిన ఆరు నల్లకాళ్ల ఫెర్రెట్లకు వేస్తే, నాలుగు ఆ టీకా తెచ్చిన డిస్టెంపర్‌తోనే చనిపోయాయి. ముల్కోవాల్‌లో సీసాలోకి మలినం చేరింది, ఇక్కడ మందే ఆ జాతికి సరిపడలేదు. కారణాలు వేరు. కానీ ఒక జాతిలో మిగిలినవే పదులైతే, నాలుగు పోవటం చిన్న సంగతి కాదు. అడవి జంతువులకు టీకా అనగానే శాస్త్రవేత్తలు ఇప్పటికీ పదిసార్లు ఆలోచించేది అందుకే.

ప్లేగు టీకా విషయంలో ఈసారి ప్రాణమున్న సూక్ష్మజీవిని వాడలేదు. దాని పైపొరలోని ప్రోటీన్లు మాత్రం తీసుకుని చేశారు. 2008లో దక్షిణ డకోటాలోని కొనాటా మైదానంలో ప్లేగు పడినప్పుడు రాత్రుళ్లు దీపాలు వేసుకుని తిరిగి, ఆకుపచ్చగా మెరిసే కళ్లను బట్టి ఫెర్రెట్లను గుర్తించి, బోనులో పట్టి టీకాలు వేశారు. ఒక్కోదానికి రెండుసార్లు వేయాలి, అంటే రెండుసార్లు పట్టాలి. ప్రెయిరీ డాగ్‌లను అలా పట్టటం అయ్యే పని కాదు. వాటికి వేరుశనగ వెన్న రుచి కలిపిన టీకా ముక్కలు మైదానంలో చల్లుతారు. తిన్నవాటి మీసాల మీద రంగు తేలుతుంది, దాంతో ఏది తిన్నదో తెలుస్తుంది. 2013 నుంచి మూడేళ్లు ఏడు రాష్ట్రాల్లో పరీక్షించారు. ఒక చోట టీకా ఉన్న ముక్కలు, పక్క చోట టీకా లేని ముక్కలు. ఉంధేరాలో ఇంటిని సగం చేసిన లెక్కే ఇది. టీకా చల్లిన చోట ప్రెయిరీ డాగ్‌లు ఎక్కువగా బతికాయి. ఇవాళ మైదానాల్లో ఫెర్రెట్లు సుమారు 300 ఉంటాయి.

మన దగ్గర ఈ ప్రశ్న 2018లో గిర్ అడవిలో ఎదురైంది. ఆసియా సింహాలకు లోకంలో మిగిలిన ఒకే ఒక్క నెలవు అది. ఆ సెప్టెంబరులో దల్ఖానియా ప్రాంతంలో కొద్ది వారాల్లోనే 23 సింహాలు చనిపోయాయి. కొన్నిటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. అమెరికా నుంచి టీకాలు తెప్పించి, పట్టి ఉంచిన సింహాలకు వేశారు. అడవిలోని ప్రతి సింహానికీ వేయగలరా, వేయాలా అన్న వాదన అప్పుడు వచ్చింది, ఇంకా తెగలేదు. చుట్టూ ఉన్న ఊళ్లలో కుక్కలకు టీకా వేస్తే జబ్బు అడవి గుమ్మం దగ్గరే ఆగుతుందన్నది ఒక దారి. పశువులకు వచ్చే రిండర్‌పెస్ట్ ఆ దారిలోనే పోయింది. ఆఫ్రికాలో పశువులకు టీకా వేస్తూ వస్తే అడవి దున్నలు, వైల్డ్‌బీస్ట్‌లు వాటంతట అవే కోలుకున్నాయి. 2011లో ఆ జబ్బు భూమి మీదే లేదని ప్రకటించారు. మనకు పడమట బోరివలీ అడవిలో చిరుతలున్నాయి. అవి రాత్రిపూట అంచుల్లోని వీధికుక్కలను తింటాయి. కుక్కకున్న జబ్బు చిరుతకు తగలటానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

హాఫ్‌కిన్ 1915లో ఉద్యోగ విరమణ చేసి యూరప్ వెళ్లిపోయారు. పెళ్లి చేసుకోలేదు. 1925లో పరేల్ ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. తనను పక్కన పెట్టిన చోటికి తన పేరే రావటం ఆయన బతికుండగానే చూశారు. చివరి రోజులు స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గడిపారు. కూడబెట్టిన సొమ్మునంతా తూర్పు యూరప్‌లోని యూదు బడుల కోసం ఒక నిధిగా పెట్టారు. అవి మత పాఠశాలలు. వాటిలో ధర్మశాస్త్రంతో పాటు విజ్ఞానశాస్త్రమూ, చేతిపనీ నేర్పాలన్నది ఆయన కోరిక. 1930 అక్టోబరు 26న కన్నుమూశారు. 1964లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.